చెక్ ఇంజిన్ లైట్: అసలు దొంగ ఎవరు?

డ్యాష్‌బోర్డ్ మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైట్ వెలగ్గానే మన మైండ్‌లోకి వచ్చే మొదటి ప్రశ్న "ఏమైంది" కాదు, "ఎంతవుతుంది". ఈ ఎపిసోడ్‌లో ఆ లైట్ ఎక్కడ పుట్టింది, ఎవరు పెట్టించారు అనేది చూద్దాం. ఈ చరిత్ర తెలిస్తే షెడ్డులో అనవసరంగా పార్టులు మార్పించుకునే పని తప్పుతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఆ లైట్ ప్రధానంగా మీ ఇంజిన్ కోసం పెట్టింది కాదు. మీ కారు వెనకాల గాలి పీల్చేవాళ్ల కోసం పెట్టింది.

కథ 1943 జులై 26న, అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. పట్టపగలే ఊరంతా పొగ కమ్మేసింది. కళ్లు మంటలు, గొంతు మంటలు. అసలే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమో అని కొంతమంది భయపడిపోయారు. తర్వాత అనుమానం ఒక ఫ్యాక్టరీ మీద పడింది. సింథటిక్ రబ్బరు కోసం బ్యూటాడైన్ తయారుచేసే ప్లాంట్ అది. దాన్ని కొన్నాళ్లు మూయించారు. పొగ మాత్రం తగ్గలేదు.

అంటే కోడ్ కనిపించింది, పార్ట్ మార్చారు, లైట్ మళ్లీ వెలిగింది. సరిగ్గా ఇదే!

అసలు కారణం పట్టుకుంది ఏరీ హాగెన్-స్మిట్ అనే కెమిస్ట్. నెదర్లాండ్స్‌లో పుట్టి, కాల్‌టెక్‌లో పనిచేసేవాడు. అప్పటిదాకా ఆయన రీసెర్చ్ పైనాపిల్‌కి ఆ వాసన, ఆ రుచి ఎక్కణ్నుంచి వస్తాయి అని. 1950ల మొదట్లో ఆయన తేల్చింది ఏంటంటే, పొగ గొట్టం నుంచి నేరుగా వచ్చేది సగం కథే. కాలీకాలని పెట్రోల్ ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. వాటికి పెద్ద మూలాలు కార్లు, ఆయిల్ రిఫైనరీలు. ఆయిల్ కంపెనీలు గట్టిగా వాదించాయి, కానీ సైన్స్ ఆయన వైపే నిలబడింది. 1967లో కాలిఫోర్నియా గాలి కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టినప్పుడు, దాని మొదటి ఛైర్మన్ ఆయనే.

1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం కార్ల పొగని 90 శాతం తగ్గించమంది. 1975 మోడళ్లకి క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తర్వాత వచ్చిన త్రీ-వే కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే గాలి, పెట్రోల్ సుమారు 14.7కి 1 నిష్పత్తిలో ఉండాలి. కార్బురేటర్ ఒంటరిగా అంత కచ్చితంగా పట్టి ఉంచలేదు. అందుకే సైలెన్సర్ దారిలో ఆక్సిజన్ సెన్సర్, దాని మాట వినడానికి ఒక కంప్యూటర్ వచ్చాయి. 1981లో జనరల్ మోటార్స్ అమెరికాలో అమ్మే తన కార్లలో ఈ కంప్యూటర్ పెట్టింది. తప్పు దొరికితే లైట్ వెలుగుతుంది, అది ఎన్నిసార్లు మిణుకుమంటే అదే కోడ్.

కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. కానీ కోడ్‌లు, కనెక్టర్లు కంపెనీకో రకం. ఆ గందరగోళం 1996లో ఓబీడీ-2తో తీరింది. 16 పిన్నుల సాకెట్, అందరికీ ఒకటే కోడ్ భాష. మన దగ్గర సీసం లేని పెట్రోల్ దేశమంతా 2000 ఫిబ్రవరి నుంచి వచ్చింది. సీసం కన్వర్టర్‌ని పాడుచేస్తుంది కాబట్టి అది ముందు జరగాల్సిందే. బీఎస్-4 కార్లకి 2013లో ఓబీడీ-2 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో బైకులకి కూడా ఆ లైట్ వచ్చేసింది.

ఇప్పుడు అసలు పాయింట్. కోడ్ అనేది సాక్షి చెప్పిన మాట, తీర్పు కాదు. కోడింగ్ చేసేవాళ్లకి ఇది బాగా తెలుసు, ఎర్రర్ చూపించిన లైన్‌లోనే బగ్ ఉండాలని లేదు.

పీ0171 వచ్చిందనుకోండి. "మిశ్రమంలో పెట్రోల్ తక్కువైంది" అని అర్థం. ఆ సంగతి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్. చాలామంది చేసేది ఆ సెన్సర్‌నే మార్చేయడం! వార్త తెచ్చినవాణ్ని కొట్టినట్టు. నిజానికి వాక్యూమ్ పైపు పగిలి ఉండొచ్చు, గాలి కొలిచే సెన్సర్‌కి దుమ్ము పట్టి ఉండొచ్చు, ఫ్యూయల్ పంపు నీరసించి ఉండొచ్చు. తేల్చడానికి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఐడిల్‌లో ఎక్కువ ఉండి, రేస్ చేస్తే తగ్గితే వాక్యూమ్ లీక్ మీద అనుమానం. లోడ్ పెరిగేకొద్దీ పెరిగితే పంపు వైపో, గాలి సెన్సర్ వైపో చూడాలి.

పీ0420 కూడా అంతే. కన్వర్టర్ పనితనం తగ్గిందని చెప్తుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. మిస్‌ఫైర్ వల్ల కాలని పెట్రోల్ వెళ్లి దాన్ని కాల్చేస్తుంటే, కొత్త కన్వర్టర్ కూడా అదే దారి పడుతుంది. లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి కాబట్టి బిల్లు చిన్నది కాదు.

గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు. లైట్ మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్ కన్వర్టర్‌ని పాడుచేస్తోందని అర్థం, వేగం తగ్గించి వీలైనంత త్వరగా ఆపండి. నిలకడగా వెలిగితే, టెంపరేచర్, ఆయిల్ లైట్లు మామూలుగా ఉంటే, కంగారు లేదు, కానీ చూపించండి. చూపించే ముందు కోడ్ చెరిపేయొద్దు. తప్పు దొరికిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, ఇంజిన్ వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో దాచి ఉంటుంది. కోడ్‌తో పాటు ఆ సాక్ష్యం కూడా పోతుంది.

లైట్ వెలగకపోతే అంతా బాగున్నట్టేనా? 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల సంగతి బయటపడింది. టెస్టులో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేర్. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1.1 కోట్ల కార్లు. మోసం చేసేది సాఫ్ట్‌వేరే అయినప్పుడు లైట్ ఎందుకు వెలుగుతుంది?

అందుకే ఈసారి షెడ్డులో "సెన్సర్ పోయింది సార్" అంటే, ఒక్క ప్రశ్న అడగండి: "పోయింది సెన్సరా, సెన్సర్ చెప్పిన విషయమా? ఏం టెస్ట్ చేశారు?" జవాబు చెప్పగలిగిన మెకానిక్‌ని మాత్రం వదులుకోకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.