దుకాణపు ఫ్రీజరు ఆగినప్పుడు: విద్యుత్ లోపాలను గుర్తించే క్రమం

బాగేపల్లి, పావగడ వంటి సరిహద్దు తాలూకాలలో పాలు, పెరుగు, ఐస్‌క్రీములు అమ్మే చిన్న దుకాణాలకు డీప్ ఫ్రీజరే ఆధారం. అది ఆగిన రోజున "కంప్రెసర్ పోయింది" అన్న మాట తొందరగా వినబడుతుంది. యంత్రంలో అన్నింటికన్నా ఖరీదైన భాగం అదే గనుక, ఆ తీర్పు చివర రావాలే గాని మొదట రాకూడదు. మూత తెరవకుండా ఉంచితే గడ్డకట్టిన సరకు కొన్ని గంటలు నిలుస్తుంది. పరీక్షకు ఆ వ్యవధి చాలు.

మొదట పరీక్షించవలసినది యంత్రాన్ని కాదు, సరఫరాను. ఉండవలసినది 230 వోల్టులు. అయితే కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు మల్టీమీటరు చూపే అంకెను నమ్మరాదు. అది తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కన్నా అనేక రెట్లు కరెంటును లాగుతుంది. అంకెను అప్పుడే చూడాలి. 220 ఉన్నది ఆ క్షణంలో 170కి కుంగి, యంత్రం లేవకపోతే దోషం బయటి తీగలలోనో, వదులైన సాకెట్టులోనో, సన్నని పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరులోనో వెతకాలి. ఆ దోషాన్ని సరిచేయకుండా కంప్రెసర్ మార్చితే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

తరువాత శబ్దాన్ని గమనించాలి. దీపం వెలుగుతున్నా కంప్రెసర్ నిశ్శబ్దంగా ఉంటే థర్మోస్టాటును, దాని తీగలను చూడాలి. కొన్ని సెకన్లు మూలిగి, టక్కుమని ఆగి, కొద్దిసేపటికి మళ్ళీ అలాగే చేస్తే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దానిని కాపాడుతున్నదన్నమాట. అప్పుడు తక్కువ వోల్టేజి కాకపోతే రిలేను, స్టార్ట్ కెపాసిటరును అనుమానించాలి. ఇవి కంప్రెసర్ ధర ముందు స్వల్పమైనవి. కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కూడా ఇదే శబ్దం వస్తుంది. లోపలి గ్యాసు పీడనం సమానం కావడానికి సుమారు 3 నిమిషాలు పడుతుంది. స్టెబిలైజరులో ఆలస్యపు ఏర్పాటు ఉండేది అందుకే. బాగా నడుస్తూ కొంతసేపటికి వేడెక్కి ఆగిపోతే కండెన్సరుకు పట్టిన దుమ్మును, ఫ్యానును చూడాలి.

ఇక కంప్రెసర్ వంతు. ఈ పరీక్షను మెకానిక్కే చేయాలి. యజమాని దగ్గరుండి చూడవచ్చు. ప్లగ్గు తీసి, కెపాసిటరులో నిలిచిన విద్యుత్తును పోగొట్టి, రిలేను ఊడదీసిన తరువాత కామన్, స్టార్ట్, రన్ అనే మూడు కొనలు కనబడతాయి. స్టార్ట్, రన్ కొనల మధ్య నిరోధం మిగిలిన రెండు కొలతల మొత్తానికి సమానంగా ఉండాలి: 4, 12 ఓములు వస్తే ఇక్కడ 16 రావాలి. కామన్ నుండి ఏమీ రాకపోతే వెంటనే తీర్పు చెప్పరాదు. కొన్నింటిలో ఓవర్‌లోడ్ లోపలే ఉంటుంది. పూర్తిగా చల్లారాక మళ్ళీ కొలవాలి. ఏ కొనకైనా ఇనుప ఒంటితో సంబంధం కనబడితే మాత్రం వైండింగు చెడినట్లే.

యంత్రాన్ని తాకితే షాకు కొడుతున్నదని కాళ్ళ కింద చెక్కపలక వేసుకొని అమ్మకం సాగించే దుకాణాలు ఉన్నాయి. అది ప్రమాదం. వెంటనే మెయిన్ ఆపి ప్లగ్గు తీయించి, ఎర్తు తీగ భూమి వరకు తెగకుండా ఉందో లేదో చూపించాలి. వెనుక పట్టీ మీద ఆర్-600ఎ అని ఉంటే అందులోనిది మండే గ్యాసు. అది కారుతున్నదన్న అనుమానం వస్తే స్విచ్చును కూడా ముట్టుకోకుండా, మంటలు ఆర్పి, తలుపులు తెరిచి, శిక్షణ పొందిన మెకానిక్కును పిలిపించాలి.