కంపెనీ పేరు కాదు, కొలత అడగండి: పాత రంపానికి నూరేండ్ల కథ



మామిడి కోతలు అయిపోయి కొమ్మలు కత్తిరించే కాలం వచ్చిందంటే మన పక్క సెకండ్ హ్యాండ్ పెట్రోల్ రంపాలకు గిరాకీ పెరుగుతుంది. కొత్తది కొనలేక పాతది తెచ్చుకుంటాం. రెండు సీజన్లు బాగా కోస్తుంది, మూడో ఏడు మొరాయిస్తుంది. అంగడికి తీసుకుపోతే "ఈ మోడల్ ఆగిపోయింది, సామాను రాదు, కొత్తది తీసుకోన్నా" అంటారు. ఆ ఒక్క మాటతో మిషను షెడ్డు మూలకు పోతుంది.

ఈ "సామాను రాదు" అనే మాట నూరేండ్ల నాటిది. ఆ మాట విని ఊరికే కూర్చోని వాళ్ల వల్లనే మన బావుల మీదికి మోటార్లు వచ్చినాయి. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత అందులో మన రంపానికి పనికొచ్చేది ఏందో చూద్దాం.

కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊర్లో 1893లో ఒక తెలుగు కుటుంబంలో గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టినాడు. జి.డి. నాయుడు అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయనకు బడి చదువు పెద్దగా సాగలేదు. ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిల్ మీద పోతా ఉంటే చూసి, ఆ బండి మీద మనసు పడింది. హోటల్లో పనిచేసి రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి ఆ పాత బండినే కొన్నాడు. కొని తిరగడానికి పోలేదు. మొత్తం విప్పి, ఏది ఎందుకుందో చూసుకుని, మళ్లీ బిగించినాడు. ఆ బండి ఇంగ్లండులో తయారైంది. సామాను కావాలంటే ఓడలో రావాల. అంతదాకా ఆగలేని వాడు ముందు చేయాల్సింది విప్పి చూడడమే.

అదే మనిషి 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తానే నడిపినాడు. ఆ తర్వాత పెద్ద బస్సు కంపెనీ అయింది. 1932లో నీలగిరుల్లో పైకారా కరెంటు మొదలై కోయంబత్తూరు మిల్లులకు అందింది. 1937లో ఆయన, బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసినారు. మన దేశంలో తయారైన తొలి మోటారు అదేనని చెప్తారు. ఆ తర్వాత కోయంబత్తూరు పంపులకు, మోటార్లకు ఎంత పేరొచ్చిందో మన చిత్తూరు, తిరుపతి పక్క రైతులకు చెప్పే పని లేదు. మన నీళ్ల కథకు ఒక మొదలు, ఎవరో వాడి వదిలేసిన పాత బండిని విప్పడంలో ఉంది.

ఇప్పుడు మన అలిపిరికి వస్తాను. అలిపిరి నుంచి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ ప్రారంభించినాడు. అది రెండో ప్రపంచ యుద్ధం నడిచే కాలం. పెట్రోలుకు రేషన్. బయటి దేశాల నుంచి సామాను రావడం కష్టం. మద్రాసు రాజధానిలో ఎన్నో బస్సులకు వెనకాల కొలిమి కట్టి, బొగ్గు గ్యాసుతో నడిపినారు. మరుసటి ఏడు, 1945లో, అదే గవర్నరు పేరు మీద కోయంబత్తూరులో సాంకేతిక కాలేజీ పెట్టినారు. దాని వెనక ఉన్నది జి.డి. నాయుడే. సామాను లేని కాలంలో సామాను కంటే పని తెలిసిన చేతులే ముఖ్యమని ఆయనకు తెలుసు.

ఇక రంపం కథ. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటుతో నడిచే చైన్ రంపం, 1929లో పెట్రోల్ రంపం తయారుచేసినాడు. ఆ పెట్రోల్ రంపం బరువు సుమారు 46 కిలోలు, ఇద్దరు పట్టాల్సిందే. 1950 ప్రాంతంలో ఒక మనిషి మోసే రంపాలు వచ్చినాయి. ఇంకో పెద్ద మార్పు అమెరికాలో జరిగింది. ఆరెగాన్ అడవుల్లో చెట్లు కొట్టే జో కాక్స్ అనే ఆయన, మొద్దును అటూ ఇటూ తొలుచుకుంటా పోయే పురుగు దవడల్ని చూసి, ఆ మాదిరి పళ్లున్న చైన్‌ను 1947లో అమ్మడం మొదలుపెట్టినాడు. ఇప్పుడు ఏ కంపెనీ రంపం తీసుకున్నా చైన్ పళ్లలో ఎక్కువ భాగం ఆ వరసవే.

అసలు విషయం ఇక్కడుంది. రంపం మీద పేరు ఒక కంపెనీది కావచ్చు, లోపలుండే సామాను చాలావరకు అందరిదీ. కాబట్టి అంగట్లో కంపెనీ పేరు చెప్పి అడగొద్దు, కొలత చెప్పి అడగండి.

చైన్‌కు మూడు లెక్కలు చాలు. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. బార్ గాడిలో దిగే లింకు మందం రెండోది. ఆ లింకులు ఎన్ని ఉన్నాయనేది మూడోది. చానా బార్ల మీద ఈ లెక్కలు కొట్టే ఉంటాయి. బేరింగ్ అంచున నంబరు ఉంటుంది. 6202 అని ఉంటే లోపల 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు, ఏ కంపెనీదైనా అంతే. నంబరు పక్కన సి3 అని ఉంటే సి3 దే తీసుకోండి. ఆయిల్ సీల్‌కు కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం చూస్తే సరిపోతుంది. బైకు సామాను అంగట్లోనో, బేరింగుల అంగట్లోనో దొరికే అవకాశం ఉంది. ప్యాకింగ్ అయితే అదే మందం షీటు తెచ్చి పాతదాన్ని పెట్టి గీసి కత్తిరించుకోవచ్చు. పెట్రోల్ పైపు, కార్బురేటర్ పొర గట్టిపడినా మిషను మొరాయిస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తొందరగా చెడగొడుతుంది. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

అయితే పాత కాలం పద్ధతి అంతా ఇప్పుడు నడవదు. మన నాయన్ల కాలం ఆయిల్ ఇంజన్లో పోత ఇనుము లైనర్ ఉండేది. అరిగితే లేత్ షాపులో బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేసేవాళ్లు. ఇప్పటి రంపాల్లో ఎక్కువ వాటికి అల్యూమినియం సిలిండర్, లోపల పలచని గట్టి పూత. బోరు చేస్తే ఆ పూతే పోతుంది. ఇక్కడ లేత్ పనివాడి తప్పేమీ లేదు, మిషను కట్టిన తీరే అది. సిలిండర్, పిస్టన్ సెట్టుగా దొరికితే మార్చండి. కానీ ముందు గీతలు ఎందుకు పడినాయో చూడండి. ఆయిల్ సీల్ పక్క నుంచి గాలి లాగితే పెట్రోలు, దాంతోపాటు ఆయిలు తక్కువై పిస్టన్ పట్టేస్తుంది. ఇరవై ముప్పై రూపాయల సీల్ వదిలేసి వేలు పెట్టి సెట్టు మార్చితే అదీ కాలిపోతుంది. సెట్టు దొరకకపోతే దాన్ని పారేయొద్దు. అదే మోడల్ ఇంకోటి దొరికితే రెండిట్లో ఒకటి బతుకుతుంది.

ఇంకొన్ని చోట్ల మన తెలివి అసలు వాడకూడదు. చైన్ తెగితే మేకు కొట్టి అతికించొద్దు. బార్ వంగితే సమ్మెట దెబ్బలతో సరిచేయొద్దు. ముందుండే చైన్ బ్రేకు, తెగిన చైన్‌ను పట్టే కొక్కెం, యాక్సిలరేటర్ లాకు, ఆపే స్విచ్చి, ఇవి లేకుండా తాడు లాగొద్దు. బార్ ముక్కు కొమ్మకు తగిలితే రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. తప్పుకుందామంటే టైము ఉండదు. చైన్ బ్రేకు 1970ల్లో వచ్చింది, అంతకు ముందు ఎందరి ఒళ్లో తెగినాక వచ్చింది. ఆ ముక్క దొరకని రంపాన్ని ఇనుప సామానోడికి వేసేయండి. ఇనుము ధరైనా వస్తుంది.

కొనేటప్పుడు ఒక మాట. మనది శేషాచలం అంచు. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని రంపం కనిపిస్తే చాలు అనుమానం. ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో సంతకంతో ఒక కాగితం రాయించుకుని ఉంచుకోండి.

చివరిగా ఇంకొక్క పని చేయండి. మిషను బాగున్న రోజే చైన్ లెక్కలు, స్పార్క్ ప్లగ్ నంబరు, పెట్రోలు ఆయిలు పాళ్లు షెడ్డు గోడ మీద పెయింటుతో రాయండి. విప్పిన రోజు బేరింగ్, సీల్ కొలతలు కూడా కింద చేర్చండి. కంపెనీ మోడల్ ఆపేసినా గోడ మీద కొలతలు ఉంటాయి. రేపు మన పిల్లోడు అంగడికి పోయి "సామాను రాదు" అనే మాట విన్నా, ఆ కొలత చెప్పి ఇంకో అంగట్లో అడుగుతాడు.