పెరటి పాకకు పోయిన తీగ

విద్యుచ్ఛక్తి చరిత్ర వ్రాయువారు సాధారణముగా జలపాతములను, ఆనకట్టలను, ఉక్కు స్తంభములను వర్ణింతురు. ఇంటి మీటరును దాటి పెరటిలోని పశువుల పాకదాక పోయిన పది పదిహేను గజముల తీగను గూర్చి వ్రాసినవారు అరుదు. కాని మన పల్లెలలో ప్రాణములు పోయినది పెద్ద తీగలవలన మాత్రమే కాదు, ఈ చిన్న తీగవలన గూడ. కావున బందరు చెంతనున్న గూడూరు సీమను దృష్టిలో నుంచుకొని, శ్రోతలకు ఆ పది గజముల కథ చెప్పదలచితిమి.

మద్రాసు రాజధానిలో 1932లో పైకారా, 1937లో మెట్టూరు జలవిద్యుత్ కేంద్రములు పని నారంభించినవి. అవి దక్షిణపు జిల్లాలకు ఉపకరించినవి. కృష్ణాడెల్టా పల్లెలలో మాత్రము హరికేను లాంతరు, కిరసనాయిలు బుడ్డియే రాజ్యమేలినవి. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప 1955లో, ఒరిస్సాతో ఉమ్మడిగా తలపెట్టిన మాచ్‌ఖండ్ కేంద్రము ప్రారంభమైనది. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను. గూడూరునుండి బెజవాడ పోవు దారిలోనే యున్న కంకిపాడులో జన్మించిన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు 1963 నుండి పదేండ్లు కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రిగా నుండిరి. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో నెలకొన్నది వారి కాలముననే. తరువాతి దశకములలో మండలికి అధ్యక్షత వహించిన నార్ల తాతారావుగారు గుడివాడ ప్రాంతపు కౌతవరమువారు. మన జిల్లా ఈ విషయమున కొంత గర్వపడినను తప్పులేదు.

రాయలసీమలోను తెలంగాణములోను పొలములవైపు సాగిన కరెంటు బావిగట్టునున్న మోటారును వెదకికొని పోయినది. ఇచ్చట సంగతి వేరు. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ నీరు తనంతట తానే చేలకు పారుచున్నది. అందుచేత గూడూరు రైతు ఇంటిలో దీపము వెలిగిన తరువాత రెండవ దీపము కోరినది పశువుల పాక. చీకటితో లేచి పాలు పితుకవలెను. గేదె ఈనునపుడు రాత్రియంతయు కనిపెట్టియుండవలెను. తాటాకు కప్పు క్రింద, వరిగడ్డి ప్రక్కన బుడ్డిదీప ముంచుట యనగా కొంగున నిప్పు మూటగట్టుకొనుటయే. కప్పలదొడ్డివంటి నేతపల్లెలలో మగ్గముల పాకకు గూడ ఇట్టి అవసరమే.

చట్టము ఈ పాకను మరచెనా? మరువలేదు గాని, ఒక హద్దు గీచినది. 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టము, దాని ననుసరించిన 1956 నిబంధనల ప్రకారము మీటరువరకు బాధ్యత సరఫరాదారునిది. ఆపైని తీగలను క్షేమముగా నుంచుకొనవలసినవాడు వినియోగదారుడు. 2003లో కొత్త చట్టము వచ్చినను ఆ హద్దు చెరగలేదు. వైరింగు పని లైసెన్సు గలవారిచేతనే చేయింపవలెనని గూడ నిబంధన కలదు. ఇంటికి అట్లే చేయింతుము. తరువాత నెప్పుడో, గేదె ఈనబోవు ముందు, పాకకు దీపము కావలసివచ్చును. అప్పు డెవరిని పిలుతుము? పొరుగింటి కుర్రవానిని, కాకున్న మనమే నిచ్చెన వేసికొందుము. సావిడిలోని స్విచ్చునుండి రెండు తీగలు లాగి, చూరుకు చుట్టి, కొబ్బరిచెట్టుకు మేకు కొట్టి, పాక నిట్టాడికి బిగించు పద్ధతి ఇట్లు పుట్టినది. రేడియో కొన్న తొలినాళ్లలో ఏరియలు తీగను గూడ ఆ చెట్టుకే కట్టినవారున్నారు; శ్రోతలలో పెద్దలకు జ్ఞాపకముండవచ్చును.

ఈ తీగకు శత్రువులు పెక్కు. ఎండకు పైతొడుగు పెళుసెక్కును, చూరు రాపిడికి అరుగును, ఎలుక కొరుకును. ఊతగా కట్టిన ఇనుపతీగనే దండెముగా వాడి తడిబట్టలు ఆరవేయుట మరియొక దురలవాటు. తొడుగు చిట్లినచో దండెమంతయు కరెంటగును. తడిచీర చేతబట్టి తడినేలపై వట్టికాళ్లతో నిలిచిన ఇల్లాలికి తప్పించుకొను దారి యుండదు. గేదెకు మరింత అపాయము. దాని ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ దూర మెక్కువ. నేలలో పాకిన విద్యుత్తు ఒక జత కాళ్లనుండి రెండవ జతకు పోవునపుడు గుండె ఆ దారిలోనే యుండును. మనిషికి చురుక్కుమనని చోట గేదె కూలిపోవచ్చును.

ఫ్యూజు ఉన్నదిగదా యని కొందరందురు. ఫ్యూజు కాపాడునది తీగను, మనిషిని కాదు. ఐదు ఆంపియర్ల ఫ్యూజు ఆ మోతాదు దాటినగాని కరగదు. మనిషి గుండె లయ తప్పుటకు అందులో యాభైయవ వంతు చాలును. కరగిన ఫ్యూజుకు బదులు లావు రాగితీగ చుట్టు ఘనులుండగా ఆ కొద్దిపాటి రక్షణయు మిగులదు. ఈ లోపమును తీర్చు సాధనమును 1950 దశకపు చివర ఆస్ట్రియా, దక్షిణాఫ్రికా దేశముల ఇంజనీర్లు ఇండ్లకు పనికివచ్చునట్లు తీర్చిదిద్దిరి. పోయిన కరెంటును తిరిగివచ్చిన కరెంటును అది సరిచూచుచుండును. లెక్కలో తేడా వచ్చినచో, అనగా కొంత కరెంటు నేలలోనికి కారుచున్నచో, రెప్పపాటున సరఫరా తెంపివేయును. ఇండ్లలో వాడునది 30 మిల్లీఆంపియర్ల తేడాకే పనిచేయును. దుకాణములలో ఆర్.సి.సి.బి. యని యడిగిన నిత్తురు.

డెల్టా నేల మనకు ఒకవంక చుట్టము, ఒకవంక పగవాడు. తేమయు ఉప్పును గల నల్లనేలలో ఎర్తు చక్కగా కుదురును. ఆ ఉప్పే పాతిన ఇనుప గొట్టమును తినివేయును. కావున ఎర్తు గోతిని అప్పుడప్పుడు పరీక్షింపించుట అవసరము. పాకకు పోవునది మూడు తీగల కేబులై యుండవలెను, మూడవది ఎర్తు. నేలలో పాతునపుడు కవచముగల కేబులును ముప్పాతిక మీటరు లోతున వేసి, పైన ఇసుక పోసి ఇటుకలు పరతురు. పలుగు దిగినపుడు ముందు ఇటుక పలుకును. పాకలోని స్విచ్చు గేదె కొమ్ము కందని ఎత్తున, గడ్డికి దూరముగా నుండవలెను.

ఇంటి మెయిను పెట్టెవద్ద పాకకు వేరుగా ఒక స్విచ్చు పెట్టించుట వృథా ఖర్చని తోచవచ్చును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన సీమ యిది. గాలివానకు లైను ఆగి, మరల కరెంటు వచ్చునప్పటికి పాక ఒరిగి తీగ బురదలో పడియుండవచ్చును. పశువులను విప్పుటకు పెరటిలోనికి పరుగెత్తక మునుపే, ఇంటిలో నిలిచి ఆ స్విచ్చును ఆపివేయవచ్చును.