75 ఏళ్ల లీజు, 2 రోజుల చర్చ: చికాగో పార్కింగ్ మీటర్ల కథ

చికాగోలో ఉన్న మీ అన్నయ్యో, ఫ్రెండో రోడ్డు పక్కన మీటర్ ఉన్నచోట కారు ఆపి డబ్బు కట్టాడనుకోండి. ఆ డబ్బు సిటీ ఖజానాకి వెళ్తుందా? వెళ్లదు. ఒక ప్రైవేట్ కంపెనీకి వెళ్తుంది. 2084 దాకా ఇంతే. అసలు ఇది ఎలా జరిగిందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

2008లో అమెరికా అంతా ఆర్థిక మాంద్యం. చికాగో బడ్జెట్‌లో పెద్ద లోటు. పన్నులు పెంచితే జనం ఊరుకోరు. అప్పుడు మేయర్ రిచర్డ్ డేలీ, సిటీలోని దాదాపు 36,000 మీటర్ల ఆదాయాన్ని 75 ఏళ్లకి లీజుకి ఇచ్చేశారు. బదులుగా సిటీకి ఒకేసారి దాదాపు 115 కోట్ల డాలర్లు. లీజు తీసుకున్న కంపెనీ వెనకున్నది మోర్గాన్ స్టాన్లీ.

డీల్ బయటికొచ్చింది డిసెంబర్ 2న. సిటీ కౌన్సిల్‌లో ఓటింగ్ 4న. అనుకూలంగా 40, వ్యతిరేకంగా 5. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేటప్పుడు ఒక చిన్న ఫీచర్ రిలీజ్ చేయాలన్నా రివ్యూ ఇంతకంటే ఎక్కువ రోజులే నడిచేది!

2009 జూన్‌లో సిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ డేవిడ్ హాఫ్‌మన్ లెక్క తీశారు. ఆ 75 ఏళ్ల ఆదాయం విలువ అప్పటి లెక్కలో దాదాపు 213 కోట్ల డాలర్లు. అంటే ఇచ్చేసింది సుమారు సగం ధరకే.

ఇక రేట్లు. చాలా ఏరియాల్లో గంటకి 25 సెంట్లు ఉన్నది 2009లో ఒక డాలర్ అయింది. డౌన్‌టౌన్‌లో 3 డాలర్లు ఉన్నది 2013కల్లా 6.50 అయింది. సిటీకి వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలోనే బడ్జెట్ లోటు పూడ్చడానికి అయిపోయింది. కంపెనీ పెట్టుబడి మాత్రం పదిహేనేళ్లు తిరక్కముందే వెనక్కి వచ్చేసింది.

కానీ నా దృష్టిలో అసలు నష్టం డబ్బు కాదు. మరమ్మతుకో, పండగకో రోడ్డు మూస్తే, ఆ మీటర్ల ఆదాయం పోయినందుకు సిటీయే కంపెనీకి పరిహారం కట్టాలి. బస్ లేన్ కోసమో, సైకిల్ లేన్ కోసమో మీటర్లు తీసేయాలన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి. అంటే చికాగో అమ్ముకున్నది చిల్లర డబ్బుల్ని కాదు, తన రోడ్డు మీద తాను నిర్ణయం తీసుకునే స్వేచ్ఛని.

అందుకే ఫ్రెండ్స్, ఎక్కడైనా "లీజుకిచ్చాం, ఇన్ని కోట్లొచ్చాయి" అని హెడ్‌లైన్ కనిపిస్తే అంకె దగ్గరే ఆగిపోకండి. ఎన్నేళ్లకి ఇచ్చారు, మధ్యలో అవసరాలు మారితే ఎవరు ఎవరికి కట్టాలి? ఈ రెండూ అడగండి. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.