అద్దె నవలల కాలంలో దయానిధి

అద్దె పుస్తకాల కొట్లో బేరం రోజు లెక్కన ఉండేది. ఇవాళ తీసుకుంటే రేపటికి ఇచ్చెయ్యాలి, లేదంటే ఇంకో రోజు అద్దె పడేది. 1960, 70లలో తెలుగు పాఠకుల అభిరుచిని తయారుచేసింది విమర్శకులకన్నా ఆ కొట్టువాడేనంటాను. తెల్లారేలోగా అయిపోయేదే మంచి నవల.

అంతకుముందే కొవ్వలి లక్ష్మీనరసింహారావు ఆ దారి వేశారు. ఆయన వెయ్యికి పైగా నవలలు రాశారు. అవి రైళ్లలో, స్టేషన్లలో అమ్ముడుపోయేవి. బెజవాడలో ఎక్కినవాడు రాజమండ్రిలో దిగేలోగా కథ కంచికి చేరాలి మరి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంట్ రాజుని రంగంలోకి దించారు. మా ఏలూరు కొట్లో ఆ పుస్తకాలకు అట్టలుండేవి కావు, చాలావాటికి చివరి పేజీలూ ఉండేవి కావు. ఏ పుణ్యాత్ముడో మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు. అయినా ఎగబడి చదివేవాళ్లం.

ఆ అలవాటుతోనే బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ పట్టాను. 1916లో మా ఏలూరులోనే పుట్టిన మనిషి కదా అన్న అభిమానం ఒకటి. అందులో నాయకుడు దయానిధి ఆలోచిస్తాడు. తల్లి గురించి, తన జీవితంలోకి వచ్చిన కోమలి గురించి, అమృతం గురించి. పేజీలు తిరుగుతాయి, అతను ఇంకా ఆలోచిస్తూనే ఉంటాడు. యుగంధర్ అయితే ఈపాటికి ఇద్దర్ని అరెస్టు చేయించేవాడు.

చిత్రమేమిటంటే, అందులో సంఘటనలకు కరువు లేదు. తల్లి మీద లోకం వేసిన నింద, సజావుగా సాగని పెళ్లి, రాయలసీమకు వెళ్లడం, అక్కడ వజ్రం దొరకడం. ఆ సీమలోని వజ్రకరూరు వైపు తొలకరి పడగానే జనం ఇప్పటికీ చేలల్లో వజ్రాలు వెతుకుతారు. కొవ్వలి చేతిలో పడితే ఆ ఒక్క రాయి నాలుగు నవలలయ్యేది! బుచ్చిబాబుకి రాయి కాదు, అది దొరికినవాడి మనసు కావాలి.

అసలు ఈ నవల రోజు అద్దె కోసం పుట్టింది కాదు. 1946-47లో ‘నవోదయ’ పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1952లో పుస్తకమైంది. మొదటి పాఠకులకు భాగానికీ భాగానికీ మధ్య బోలెడు వ్యవధి దొరికింది. దయానిధితో పాటు వాళ్లూ ఆలోచించి ఉంటారు. గ్రంథాలయం నుంచి తెచ్చుకుని, రోజుకో అధ్యాయం చదివి మూసేస్తే, నాకూ కథ అందింది. తల్లి మీద పడ్డ ఆ నింద ఎక్కడికి పోయినా అతన్ని ఎలా తరుముతుందో చూడ్డం హంతకుణ్ణి వెతకడం కంటే ఏం తక్కువ కాదు.

కోమలి కనిపించినప్పుడల్లా మాత్రం బుచ్చిబాబు సాగదీస్తున్నాడనే ఇప్పటికీ అనిపిస్తుంది.