అడిగి చేయు పరిశోధన

గ్రామ పెద్దలారా,

నేడు నేను ప్రస్తావింపబోవు విషయము మొదట మీకు దూరపుదిగా తోచవచ్చును. మనుష్యులమీద పరిశోధన చేయదలచిన విశ్వవిద్యాలయమువారు, పని మొదలిడుటకు ముందే ఒక సంఘముయొక్క అనుమతి పొందవలెనను నియమము కలదు. ఆ సంఘమును ఎథిక్సు కమిటీ యని వాడుక చేయుచున్నారు, మనము నీతిసంఘమందము. ఇది పట్టణపు విద్వాంసుల వ్యవహారమువలె కనబడును గాని, దీని అవసరము తెలిసివచ్చినది పల్లెలలోను, ఆసుపత్రి మంచములమీదను, మన బిడ్డల హాస్టళ్లలోను.

నేను నివసించునది హైదరాబాదునకు తూర్పుననున్న దిల్‌సుఖ్‌నగరు. ఇచ్చటి వీథులలో ఖమ్మము, నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి వచ్చి గదులు అద్దెకు తీసికొని చదువుకొను పిల్లలు వేలకొలది యున్నారు. వీరిలో కొందరు పెద్ద చదువులకు పోయి, ప్రశ్నల కాగితములు చేతబట్టుకొని మరల పల్లెలకే వత్తురు. మీ తిండి యెట్టిది, అప్పులెన్ని, కాన్పులెచ్చట జరిగినవి అని అడుగుదురు. కొందరు రక్తమును గూడ తీసికొందురు. గ్రామములో వారు మొదట వెదకుకొని వచ్చునది మిమ్మునే. కావున ఈ చరిత్ర మీరు వినదగినది.

మన నగరమునుండియే ఆరంభింతము. సికిందరాబాదులో సైనిక వైద్యుడుగా నుండిన రొనాల్డు రాసు, మలేరియా జ్వరమునకు దోమలకు గల సంబంధమును నిరూపింప బూనెను. దోమలు చచ్చిపడిన నీటిని త్రాగుటవలన ఆ జ్వరము వచ్చునేమో యని ఆనాడొక తలంపు ఉండెను. 1895లో ఆయన అట్టి నీటిని కొందరిచేత త్రాగించి చూచెను. తరువాత 1897 ఆగస్టులో హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగిని పది దోమలచేత కుట్టించి, దోమకొక అణా చొప్పున పది అణాలిచ్చెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, దాని పొట్ట గోడలో మలేరియా క్రిమి జాడ కనబడెను. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించెను.

ఆ పది అణాలవలన లోకమునకు కలిగిన మేలు ఇంత యని చెప్పనలవి కాదు. హుసేన్‌ఖానునకు అన్యాయము జరిగెనని నేననుట లేదు. కాని యాతనికి ఏమని చెప్పిరి, ఆతడు వలదనియుండిన ఏమి జరిగియుండును, దోమనీరు త్రాగినవారికి ప్రాణముమీదికి వచ్చినచో దిక్కెవరు అని ముందుగా విచారించు సంఘమేదియు ఆనాడు లేదు. వైద్యుని మంచితనమొక్కటే కట్టడి. అది లేనిచో?

ఈ ప్రశ్నకు సమాధానము లోకము కఠినముగా నేర్చుకొనెను. జర్మనీలో నాజీల కాలమున వైద్యులు ఖైదీలమీద ఘోరమైన ప్రయోగములు చేసిరి. యుద్ధానంతరము నూరెంబర్గులో వారిని విచారించిన న్యాయస్థానము 1947లో పది సూత్రములు ప్రకటించెను. ప్రయోగమునకు లోబడు మనిషి స్వచ్ఛందముగా ఒప్పుకొనుట మొదటి సూత్రము. అమెరికా దేశమున టస్కీగీ ప్రాంతములో, సవాయి రోగముగల బీద నల్లజాతివారికి వారి రోగమేదో చెప్పక, మందు వచ్చిన తరువాతను ఇవ్వక, 1932 మొదలు 1972 వరకు ఊరక చూచుచుండిరి. అది బయటపడిన పిమ్మట ఆ దేశమున నీతిసంఘముల నియమములు బలపడెను. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 1980లో మొదటిసారి ఇట్టి సూత్రములను ప్రకటించి, 2000, 2006, 2017 సంవత్సరములలో వాటిని విస్తరించెను.

అయితే నియమములు కాగితముమీద నుండగనే జరిగిన సంగతి యొకటి మనకు సమీపముననే కలదు. దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు మీదుగా పోవు విజయవాడ రహదారి సూర్యాపేట చేరును. అచ్చటినుండి ఖమ్మమునకు దారి. 2009లో ఆ ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 మొదలు 14 ఏండ్ల వయసుగల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వారమునకు వచ్చు క్యాన్సరును నివారించు టీకా వేయనారంభించిరి. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కలిసి నడిపిన కార్యమది. గుజరాతులోని వడోదరలోను ఇట్టిదే జరిగెను. ఖమ్మములో టీకా వేయించుకొన్నవారిలో ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలోనుండు గిరిజన బాలికలు పెక్కుమంది. ఆ కాలములో రెండు రాష్ట్రములలో కలిసి ఏడుగురు బాలికలు మరణించిరి. అలజడి పుట్టగా 2010 ఏప్రిలులో ఆ కార్యము నిలిపివేయబడెను.

ఇచ్చట రెండు సంగతులను వేర్వేరుగా చూడవలెను. మరణములను పరిశీలించిన విచారణ సంఘము, అవి టీకావలన కలిగినవి కావని తోచుచున్నదని 2011లో తెలిపెను. వారిలో నీట మునిగినవారును, పాముకాటుచే పోయినవారును ఉండిరి. ఆ టీకా స్త్రీల ప్రాణములు కాపాడు మంచి సాధనమని నేడు వైద్యలోకము అంగీకరించుచున్నది. ఇది మొదటి సంగతి.

రెండవది, అడిగిన తీరు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో అనుమతి పత్రముల లెక్క బయటపెట్టెను. ఆంధ్రప్రదేశ్‌లో చూచిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు గలవి. 2,763 పత్రములపై హాస్టలు వార్డెనులు సంతకములు చేసిరి. ఎచ్చటనో అడవిపల్లెలోనున్న తల్లికి గాని తండ్రికి గాని, తమ బిడ్డ చేతికి సూది గ్రుచ్చుచున్నారను వార్తయైనను చేరకయే అనుమతి సిద్ధమయ్యెను.

మీరు పొలముల క్రయపత్రములు చూచినవారు. హక్కుదారు ఊరిలో లేడని, సాక్షి యాతనికి బదులు సంతకము చేసిన, ఆ పత్రము చెల్లునా? చెల్లదని చదువురాని రైతు సైతము చెప్పును. గుంటెడు నేలకు గల ఆ మర్యాద బిడ్డ శరీరమునకు లేకపోయెను. ఫలితమేమి? మేలుచేయు టీకాకే అపకీర్తి వచ్చెను; జనులకు అనుమానము మిగిలెను. అడుగక చేసిన మేలు సైతము ఎట్లు చెడునో దీనివలన తెలియుచున్నది.

ఇక నేటి పద్ధతి చెప్పెదను. పరిశోధన చేయు విద్యార్థి, ఏమి చేయునో ఎందులకు చేయునో వ్రాసి, అడుగబోవు ప్రశ్నలను, జనులకు వారి భాషలో చదివి వినిపించు వివరణ పత్రమును, అనుమతి పత్రమును జతచేసి, గురువు సంతకముతో నీతిసంఘమునకు పంపుకొనవలెను. 2019లో వచ్చిన కొత్త మందుల నియమముల ప్రకారము అట్టి వైద్య సంఘములో ఏడుగురికి తక్కువ సభ్యులుండరాదు. వారిలో సగముమందియైనను ఆ సంస్థకు చెందనివారుగా నుండవలెను. అధ్యక్షుడు బయటివాడే కావలెను. వైద్యులతోపాటు న్యాయము తెలిసినవారొకరు, స్త్రీ యొకరు, సామాన్యులొకరు ఉందురు. ఆ సామాన్యుని స్థానము మీవంటివారిది. వివరణ పత్రము తనకు అర్థము కాలేదని ఆయన చెప్పిన, దానిని తిరిగి వ్రాయవలసినదే. అనుమతి లేఖ చేతికి వచ్చువరకు ఒక్క ప్రశ్నయైనను అడుగరాదు. పని నడుమ పద్ధతి మార్చిన, మరల అనుమతి కోరవలెను.

ఇందువలన ఆలస్యమగునని విద్యార్థులు విసుగుకొందురు. నెలలు గడచిన దినములు లేకపోలేదు. కాని ఆ నెలలలో పరిశోధకుడు కోల్పోవునది కాలము మాత్రమే.

కాబట్టి మీ యూరికి ఎవరైన వచ్చినపుడు ఆదరింపుడు, మంచినీరిండు. పిమ్మట నీతిసంఘపు అనుమతి లేఖ చూపుమనుడు. తెలుగు పత్రము చదివి వినిపింపుమనుడు. చదువురానివారు వేలిముద్ర వేయునపుడు, పరిశోధకులకు చెందని సాక్షి దగ్గరనుండి అంతయు వినవలెనని నియమము. నడుమ మానుకొను హక్కు కలదా, పేర్లు గుప్తముగా నుంచెదరా, మందు ప్రయోగమైనచో హాని కలిగినపుడు ఉచిత చికిత్సయు పరిహారమును ఇచ్చునదెవరు అని అడుగుడు. నిజమైన పరిశోధకునికి ఈ ప్రశ్నలు భారము కావు.

చివరిమాట యొకటి. ఊరిలోనికి రమ్మనుటకు మీ మాట చాలును. ఇంటిలోనివారి తరపున ఒప్పుకొనుటకు మాత్రము మీ మాట చాలదు. పెద్దమనిషి సంతకము చేసినాడు గదా యని ఎవరైన అన్నచో, అది గ్రామద్వారము తెరచుటకే గాని గడపలు దాటుటకు కాదని మీరే చెప్పవలెను. బిడ్డ విషయమున తల్లిదండ్రులను అడుగవలెను. ఊహ తెలిసిన బిడ్డనుగూడ అడుగవలెను. అడిగించుటయే పెద్దరికము.