'గంగు' ఎట్లా పుట్టింది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. నిజాం ఏలుబడిలో అవి ఇందూరు (నిజామాబాద్) జిల్లా తాలూకాలు. ఆ నిజాంను ఎదిరించిన ఇద్దరు రచయితలు 1948లో ఇందూరు ఖిల్లా జైల్లో కలిసి ఉన్నారు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి కృష్ణమాచార్య గోడల మీద పద్యాలు రాసేవారు. రెండో ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. మరుసటి ఏడాది దాశరథి తన 'అగ్నిధార'ను ఆయనకే అంకితమిచ్చారు.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. తండ్రి చిన్ననాడే పోయాడు. ఇంకొకరింట్లో వంటచేస్తూ చదువు నేర్చుకున్నారు. తర్వాత సికింద్రాబాద్ చేరి, సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చేసిన పుస్తకాలను తానే మోసుకెళ్లి అమ్మారు. సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సిన రోజులవి. అందుకే ఊరికి చేరిన పుస్తకం సభ చేయాల్సిన పని చేసేది.

వంటింట్లో, ప్రెస్సులో, జైల్లో చూసిందంతా 'ప్రజల మనిషి' నవలైంది. దిమ్మెగూడెం అనే ఊరు, గడీలో దేశ్‌ముఖ్, కింద వెట్టిచాకిరి, ఎదురుతిరిగే యువకుడు కంఠీరవం. కామారెడ్డి పక్కన దోమకొండ గడికోటను చూసినవాళ్లకు ఆ 'గడీ' అన్న మాట ఎంత బరువైందో వేరే చెప్పనక్కర్లేదు.

మరి దానికి రెండో భాగంగా 'గంగు' నవల ఎందుకు? కంఠీరవం కథ ముగిసినా కాలం ఆగలేదు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్రమహాసభ. జోగిపేటలో 1930లో మొదలై, తొలి ఏళ్లలో ఎక్కువగా తీర్మానాలు చేసి, వినతిపత్రాలిచ్చేది. 1944 భువనగిరి సభ నాటికి పగ్గాలు కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి వర్గం చేతికొచ్చాయి. పల్లెల్లో 'సంగం' అని పిలిచిన ఆ సభ అంటే ఇక అర్జీ కాదు, దొరకు వెట్టి చెయ్యమని తెగేసి చెప్పడం. మొదటి నవలలోని పాత్రలను ఈ కొత్త గాలిలో నిలబెడితేగాని కథ పూర్తికాదు. 1940 తర్వాతి రోజులను పట్టుకునేందుకే 'గంగు' మొదలైంది.

పూర్తికాలేదు. 1961 ఫిబ్రవరి 5న ఆళ్వారుస్వామి కన్నుమూశారు. రాసినంత మేరకు 'గంగు' 1965లో అచ్చయింది.

తర్వాత కలం పట్టింది దాశరథి తమ్ముడు రంగాచార్య. ఆళ్వారుస్వామి చెప్పిన కాలాన్ని మళ్లీ చెప్పకుండా, అంతకు ముందటి గడీ బతుకును 'చిల్లర దేవుళ్లు'లో రాశారు. సాయుధ పోరాటం దాకా 'మోదుగుపూలు'లో, 1948 తర్వాతి రోజులను 'జనపదం'లో నడిపారు. ఇద్దరి పుస్తకాలనూ వరుసలో పెట్టుకుంటే తెలంగాణ పల్లె బతుకు ఒకే పెద్ద నవలగా కనబడుతుంది.

చీకటి రాజ్యాల మీద తిరగబడే పడుచువాళ్ల కథలు ఈనాటి పిల్లలకు దూరదేశాల నుంచి వస్తున్నాయి, రెండో భాగం మూడో భాగం అంటూ. మన దగ్గర ఆ రాజ్యం ఊహ కాదు. రచయితే దాని ఖైదీ. అందుకే 'గంగు' అసంపూర్తిగా మిగిలినా దాన్ని 'ప్రజల మనిషి' పక్కన పెట్టుకుని చదవాలి: అర్జీ రాసిన చెయ్యి పిడికిలెట్లా అయిందో ఆ రెండింటి మధ్యనే ఉంది.